నాచో అంటే మన ఇన్నయ్యే

ఈ ఎపిసోడ్ తాడేపల్లిలో మా వంటింట్లోంచే చేస్తున్నాను. వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి, బొబ్బర్లు ఉడుకుతున్నాయి. రాత్రి భోజనానికి నాచోస్ చేస్తున్నాం. సినిమా హాల్లో అట్టపెట్టెలో పెట్టి, గిన్నెడు పసుపు సాసు పోసి, బిర్యానీ ధర తీసుకుంటారు చూడండి, అవే. కాకపోతే ఇంట్లో చేసేవి కడుపు నింపాలి. నలుగురు తిని లేవాలి.

వంట కంటే ముందు కథ చెప్తాను, ఎందుకంటే ఈ వంటకానికీ మా ఇంటికీ ఒక పేరు కలిసింది. ఆ సంగతి నాకు తెలిసి ఏడాది కూడా కాలేదు.

మెక్సికోకి ఉత్తరపు అంచున పియెద్రాస్ నెగ్రాస్ అని ఒక ఊరుంది. మధ్యలో రియో గ్రాండే నది, అవతలి ఒడ్డున అమెరికా వాళ్ల టెక్సాస్, అక్కడ ఈగిల్ పాస్ అనే ఊరు. మన తాడేపల్లి వాళ్లకి ఇది వివరించక్కర్లేదు. మనకి కృష్ణ, అవతల బెజవాడ. సినిమాకైనా షాపింగుకైనా బ్యారేజీ మీదుగానో వారధి మీదుగానో అటు వెళ్లొస్తాం. అక్కడ మాత్రం వరస తిరగబడింది. అవతలి అమెరికా వాళ్లే భోజనానికి ఇవతలికి వచ్చేవాళ్లు. 1940ల మొదట్లో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఈగిల్ పాస్ వైపు సైన్యంలో పనిచేసేవాళ్ల భార్యలు కొందరు నది దాటి విక్టరీ క్లబ్ అనే హోటలుకి వచ్చారు. 1940 అని కొందరు, 1943 అని ఎక్కువమంది చెప్తారు. వీళ్లు వచ్చేసరికి వంటమనిషి కనపడలేదు. అతిథుల్ని చూసుకునే ఆయన ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు ఇగ్నాసియో అనయా.

ఆకలితో వచ్చినవాళ్లని వెనక్కి పంపలేదాయన. వంటింట్లోకి వెళ్లి ఏముందో చూసుకున్నాడు. మొక్కజొన్న రొట్టెలున్నాయి, వాళ్లు తోర్తియా అంటారు. వాటిని మూడు మూలల ముక్కలుగా కోసి వేయించి, పైన చీజ్ తురిమి, వేడికి కరిగించి, ఒక్కో ముక్క మీద ఊరవేసిన హాలపీన్యో మిరపకాయ చక్రం ఒకటి పెట్టి తెచ్చాడు. అంతే. ఇవాళ మనం వేసే బీన్సు, కీమా, పెరుగు ఏవీ లేవు. వాళ్లకి నచ్చింది, పేరేమిటని అడిగారు. ఇగ్నాసియోని స్పానిష్ వాళ్లు ముద్దుగా ‘నాచో’ అని పిలుస్తారు. మనం సుబ్బారావుని సుబ్బూ అన్నట్టు. అలా అది నాచో గారి స్పెషల్ అయింది. తర్వాత ‘గారు’ పోయింది, ‘స్పెషల్’ పోయింది, చివరికి మనిషి కూడా పోయి తిండి పేరు మిగిలింది.

ఇప్పుడు ఆ పేరు దగ్గర ఆగుదాం. ఇగ్నాసియో అంటే లాటిన్‌లో ఇగ్నేషియస్. ఆ పేరున్న వాళ్లలో ప్రసిద్ధుడు ఇగ్నేషియస్ లొయోలా, జెస్యూట్ల సంఘాన్ని పెట్టిన స్పెయిన్ దేశస్థుడు. బెజవాడలో లొయోలా కాలేజీ ఆ పేరు మీదే కట్టింది. ఆ జెస్యూట్ ఫాదర్లు 18వ శతాబ్దంలోనే మన గుంటూరు సీమకి వచ్చారు, ఫిరంగిపురం వైపు క్రైస్తవం అప్పట్నుంచీ ఉంది. వాళ్లు పెట్టిన పునీతుల పేర్లన్నీ మన నోట్లో నానిపోయాయి. జోసెఫ్ జోజి అయ్యాడు, జేవియర్ శౌరి అయ్యాడు. ఇగ్నేషియస్‌ని అరవ వాళ్లు ఇన్నాసి అన్నారు, మనవాళ్లు ఇన్నయ్య అన్నారు. ఇన్నారెడ్డి అన్నా అదే పేరు.

మా తాతయ్య పేరు ఇన్నయ్య.

అంటే మెక్సికోలో నాచో, గుంటూరు జిల్లాలో ఇన్నయ్య, ఇద్దరూ ఒకే పునీతుడి పేరు పెట్టుకున్నవాళ్లు. ఈ సంగతి తెలిసిన రోజు నేను పరిగెత్తుకెళ్లి మా నాయనమ్మకి చెప్పాను. ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి, ‘అయితే నేను దాని పేరెట్టి ఎట్టా అడగాలిరా?’ అంది. తాతయ్య పోయి పన్నెండేళ్లయినా ఇప్పటికీ ఆ పేరు నోటితో పలకదు. రేషన్ కార్డు రాసేవాళ్లు అడిగినా పక్కవాళ్ల చేత చెప్పించేది. అందుకని మా ఇంట్లో నాచోస్‌కి ‘ఆ ముక్కలు’ అని పేరు స్థిరపడింది.

తాతయ్య మిరప పండించాడు. కౌలుకి తీసుకున్న మూడెకరాలు. మిరపకాయ మన గుంటూరుదని మనందరి గట్టి నమ్మకం కదా. కానీ అది కూడా ఆ ఇగ్నాసియో ఊరి వైపు నుంచి వచ్చిందే. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. మనం ఎక్కువగా పండించే జాతిని మెక్సికో ప్రాంతంలోనే వేల ఏళ్ల కిందట సాగులోకి తెచ్చారు. 1492లో కొలంబస్ అటు వెళ్లడం, 1498లో వాస్కో డ గామా మన కాలికట్ రావడం, 1510లో పోర్చుగీసు వాళ్లు గోవా పట్టుకోవడం, ఆ తర్వాతే మిరప మన నేలమీద కాలు పెట్టింది. మనవాళ్లకి అంతకుముందు తెలిసిన కారం మిరియం, పిప్పలి. కొత్తగా వచ్చిన కాయ మిరియంలాగే మండింది కాబట్టి మిరియపు కాయ అన్నారు, అదే మిరపకాయ అయింది.

ఒకసారి ఊహించుకోండి. తాడేపల్లి పక్కనే ఉండవల్లి గుహలున్నాయి, కొండని తొలిచి అనంతశయన విష్ణువుని చెక్కారు. ఆ శిల్పులు మధ్యాహ్నం తిన్న ముద్దలో మిరపకాయ లేదు. కొండవీడు ఏలిన రెడ్డిరాజుల విందుల్లో లేదు. శ్రీనాథుడు పల్నాడు వచ్చి సన్నబియ్యం దొరకలేదని, జొన్నకూడు తినలేకపోతున్నానని విసుక్కున్నట్టు ఆయన పేరు మీద చాటు పద్యాలున్నాయి. ఆ జొన్నకూట్లో నంజుకోవడానికి ఎండుమిరప పచ్చడి కూడా లేదు, పాపం. అది ఉంటే అంత తిట్టేవాడు కాదేమో! పల్నాడు, గుంటూరు, ప్రకాశం, ఇవాళ ఎక్కడ చూసినా కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపే. మన ఒంట్లోనే ఉందనుకునే ఈ కారానికి వయసు మహా అయితే ఐదొందల ఏళ్లు.

టమాటా కూడా అటుదే. ఆ పేరే మెక్సికో ప్రాంతపు నావాటిల్ భాషలో ‘తొమాతల్’. ఇంగ్లీషు వాళ్ల ‘చిల్లీ’ కూడా ఆ భాష మాటే. ఇక మొక్కజొన్న సరేసరి. దక్షిణ మెక్సికోలో తియోసింతే అనే గడ్డిని సుమారు 9,000 ఏళ్ల కిందట మచ్చిక చేసి పెంచితే వచ్చిన పంట అది. మనకి కంకి కొత్త, జొన్న పాత. అందుకే కొత్తదానికి జొన్న పేరు తగిలించి మొక్కజొన్న అన్నాం.

మన దగ్గర మొక్కజొన్న కథ నాకు ఇంకా ఇష్టం. కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మన సీతానగరం దగ్గరే దాని ఇవతలి కొస. ఆ నీటితో తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపంతా వరి. వరి కోశాక రెండో పంటగా మినుము చల్లేవాళ్లు. మినుముకి పల్లాకు తెగులు, బంగారు తీగ పట్టి పీడించాయి. అప్పుడు రైతులు ఒక పని చేశారు. వరి కోసిన మడిని దున్నకుండానే, ఆ తడిలోనే మొక్కజొన్న గింజ గుచ్చారు. దుక్కి ఖర్చు లేదు, దిగుబడి బ్రహ్మాండం. జీరో టిల్లేజ్ అని శాస్త్రవేత్తలు వచ్చి చూసుకుని వెళ్లారు. అయితే ఆ గింజలు మన కంచంలోకి రావు. కోళ్ల మేతకీ పిండి ఫ్యాక్టరీలకీ పోతాయి. మన ఊరి చుట్టూ లారీలకి లారీలు మొక్కజొన్న, మనం మాత్రం చిప్స్ ప్యాకెట్ సూపర్ మార్కెట్లో కొంటాం.

ఇక్కడ ఒక సీరియస్ విషయం చెప్పాలి. మెక్సికో వాళ్లు మొక్కజొన్నని నేరుగా పిండి పట్టరు. సున్నం నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు రుద్ది కడిగి, అప్పుడు రుబ్బుతారు. దీన్ని నిష్తమాల్ అంటారు. పిండి సాగుతుందనీ, రుచి బాగుంటుందనీ చేస్తారనుకుంటాం. అసలు లాభం వేరు. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉన్నా మన ఒంటికి అందని రూపంలో ఉంటుంది. సున్నం దాన్ని విడగొడుతుంది. యూరప్ వాళ్లు గింజని తీసుకెళ్లారు కానీ సున్నం తీసుకెళ్లలేదు. ఫలితం పెల్లాగ్రా. ఎండ తగిలిన చోట చర్మం పగలడం, విరేచనాలు, చివరికి మతి చలించడం. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు ఈ జబ్బుని వర్ణించాడు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పత్తి కూలీల ఇళ్లలో వేలమంది చనిపోయారు. జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు అది అంటురోగం కాదు, తిండి లోపం అని నిరూపించేదాకా ఎవరూ నమ్మలేదు.

మనకేం సంబంధం అంటారా? దక్కన్ పీఠభూమిలో జొన్నలే ప్రధానంగా తినే పేదవాళ్లలో ఇదే జబ్బు కనిపించింది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య దాని మీద పనిచేశారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం కారణం కావచ్చని 1960లో రాశారు. అంటే ఒక వంట పద్ధతిని ‘పాత చాదస్తం’ అని వదిలేసి గింజ ఒక్కటే పట్టుకుపోతే ఏమవుతుందో ప్రపంచం చాలా ఖరీదుగా నేర్చుకుంది.

నేను ఒకసారి ఈ సున్నం పద్ధతి చేశాను. కిలో గింజలకి మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల తెల్ల సున్నం, తమలపాకుల కొట్లో తినడానికి అమ్మేదే. ముప్పావుగంట ఉడికించి, రాత్రంతా ఉంచి, ఐదారుసార్లు కడిగి గ్రైండర్లో వేశాను. వాసన వేరే లెవెల్. కానీ రెండు హెచ్చరికలు. విత్తనాల ప్యాకెట్లో గింజలు ఎప్పుడూ వాడకండి, వాటికి మందు పట్టించి ఉంటుంది. సున్నం చెయ్యి కాలుస్తుంది, కళ్లకి తగలనివ్వకండి. అంత ఓపిక లేకపోతే మామూలు మొక్కజొన్న పిండితో చేసుకోవచ్చు. పిల్లల్లారా, పచ్చటి మొక్కజొన్న పిండి వేరు, మంచూరియాలో వేసే తెల్లటి కార్న్‌ఫ్లోర్ వేరు! మా తమ్ముడు అదే తెచ్చాడు. అది జిగురు పదార్థం, రొట్టె కాదు కదా ఏమీ కాదు.

రెండు కప్పుల మొక్కజొన్న పిండికి కప్పు గోధుమపిండి, ఉప్పు, చిటికెడు వాము, వేడినీళ్లతో గట్టిగా కలపండి. మొక్కజొన్నలో బంక ఉండదు, అందుకే గోధుమ. పల్చగా ఒత్తి, త్రికోణాలు కోసి, ఫోర్కుతో గుచ్చండి, లేకపోతే పూరీలా పొంగుతాయి. మధ్యస్థం మంట మీద వేయించి జల్లెడలో వెయ్యండి. ఇది మన చెక్కల పనే, కొత్తేం లేదు.

పైన వేసేవి చెప్పేముందు కథ రెండో సగం. అనయా గారు ఆ వంటకానికి పేటెంట్ ఏమీ తీసుకోలేదు. తర్వాత కొడుకు లాయర్లని అడిగితే అప్పటికే ఆలస్యమైపోయింది, అది అందరిదీ అయిపోయింది అన్నారట. అనయా ఆ ఊళ్లోనే సొంతంగా హోటల్ పెట్టుకున్నాడు, 1975లో చనిపోయాడు. సరిగ్గా మరుసటి ఏడాది, 1976లో, టెక్సాస్‌లో ఆర్లింగ్టన్ బేస్‌బాల్ స్టేడియంలో ఫ్రాంక్ లిబర్టో అనే వ్యాపారి నాచోస్ అమ్మడం మొదలుపెట్టాడు. ఆర్లింగ్టన్ మీకు తెలిసే ఉంటుంది, మనూళ్ల నుంచి ఎంతమంది అక్కడ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్నారో. స్టేడియంలో ఒక్కొక్కరికీ చీజ్ తురిమి ఓవెన్‌లో పెట్టి ఇవ్వాలంటే ఆట అయిపోతుంది. అందుకని చల్లారినా గడ్డకట్టని చీజ్ సాసు తయారుచేయించి, డబ్బాలోంచి గరిటెతో పోసిచ్చాడు. సినిమా హాళ్లలో మనం తినే పసుపు సాసు ఆ వంశానిదే. 1978లో టీవీలో ఫుట్‌బాల్ కామెంటరీ చెప్పే హోవర్డ్ కోసెల్ గారికి ఆ మాట నచ్చి పదే పదే వాడేసరికి దేశమంతా పాకింది. వ్యాపారం అక్కడ పెరిగింది. పేరు మాత్రం నాచో గారిది.

ఇది విన్నప్పుడు నాకు కోపం రాలేదు కానీ తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన కాయ కోయించి, కల్లంలో ఆరబెట్టి, నాయనమ్మ చేత తాలు ఏరించి, టిక్కీలు కట్టించి గుంటూరు యార్డుకి తోలేవాడు. ఆసియాలోనే అతి పెద్ద మిర్చి యార్డు అని గొప్పగా చెప్తాం కదా, ధర చెప్పేటప్పుడు ఆ గొప్పంతా కొనేవాడి వైపే ఉంటుంది. ఒక ఏడాది ధర పడిపోతే రెండు రాత్రులు టిక్కీల మీదే పడుకుని, మూడో రోజు అడిగిన రేటుకి ఇచ్చి వచ్చాడు. ఆ తర్వాత కౌలు వదిలేశాడు. మీరు ఇది పాతకాలం కథ అనుకోకండి. అంతకు ముందు క్వింటాలు 20,000 దాటిన మిర్చి 2025 మొదట్లో ఎంతగా పడిందంటే, ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. కిలోకి లెక్కేస్తే 118 రూపాయల లోపే. ఆ లెక్కన మల్టీప్లెక్సులో నాచోస్ డబ్బా ధరకి రెండు కిలోల ఎండుమిర్చి వచ్చేది. నేను ఈ లెక్క చెప్పినప్పుడు మా నాన్న టీవీ సౌండ్ తగ్గించి, ‘ఇంకోసారి చెప్పు’ అన్నారు.

సరే, వంటకి వద్దాం, బొబ్బర్లు ఉడికాయి. అసలు మెక్సికో వాళ్లది రాజ్మా లాంటి గింజ, మన వైపు రాజ్మా కంటే బొబ్బర్లు ఇంట్లో ఉంటాయి. కప్పు బొబ్బర్లు ఉడికించి సగం మెదపండి. నూనెలో వెల్లుల్లి, ఉల్లిపాయ, జీలకర్ర, ఒక చెంచా గుంటూరు కారం వేసి, ఇవి కలిపి గట్టిగా దగ్గరపడేదాకా ఉంచండి. మాంసం తినేవాళ్లు పావుకిలో కీమా వేయించి ఇందులోనే కలిపేయండి. నీళ్లు అస్సలు మిగలకూడదు.

హాలపీన్యో సీసా కొనక్కర్లేదు. ఆ మిరపకాయకి మెక్సికోలో హలాపా అనే ఊరి పేరు వచ్చింది, మన కారానికి గుంటూరు పేరు వచ్చినట్టు. స్కోవిల్ కొలతలో అది 2,500 నుంచి 8,000. మన గుంటూరు సన్నం 35,000 పైమాటే. అంటే మనకి అది మిరపకాయ కాదు, కూరగాయ. మన బజ్జీ మిరపకాయలు సరిగ్గా సరిపోతాయి. చక్రాలుగా కోసి, అరకప్పు వెనిగర్, అరకప్పు నీళ్లు, చెంచా ఉప్పు, చెంచా పంచదార, రెండు వెల్లుల్లి రెబ్బలు మరిగించి పోసి గంట ఉంచండి చాలు.

చీజ్ దగ్గర చాలామంది పనీర్ వేద్దాం అంటారు. కరగదండీ. పనీర్‌ని పుల్లటి రసం వేసి విరగ్గొడతాం కాబట్టి ఎంత వేడి చేసినా మెత్తబడుతుందే తప్ప సాగదు. ప్రాసెస్డ్ చీజ్ తురమండి, అందులో ఉండే లవణాలు కొవ్వునీ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతాయి. లిబర్టో సాసు వెనక సూత్రం కూడా దాదాపు అదే.

ఓవెన్ లేదా? మాకూ లేదు. దోసెల పెనం తీసుకోండి, మందపాటిది. ముక్కలు ఒక్క వరుస పరచండి, కుప్ప పొయ్యకండి. వాటి మీద నేరుగా చీజ్. దానిమీద బొబ్బర్ల ముద్ద అక్కడక్కడా. మళ్లీ చీజ్. మూతపెట్టి సన్నటి సెగ మీద నాలుగైదు నిమిషాలు. చీజ్ ముందు కరిగి ముక్కకి పూత పడితే తడి లోపలికి దిగదు, కరకర నిలుస్తుంది. పొయ్యి కట్టేశాకే టమాటా, ఉల్లి, కొత్తిమీర, మిరప చక్రాలు, గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగు. మామిడికాయ సీజన్ అయితే పుల్లటి ముక్కలు సన్నగా తరిగి వెయ్యండి, ఇది నా సొంత పైత్యం, మెక్సికో వాళ్లు క్షమించాలి. పెనంతో సహా కింద పెట్టుకుని చుట్టూ కూర్చుని తినాలి. ప్లేట్లలోకి సర్దే టైములో మెత్తబడిపోతాయి.

మొదటిసారి చేసిన రోజు నాయనమ్మ పక్కనే అన్నం, పప్పు పెట్టుకుని కూర్చుంది, నమ్మకం లేక. ఒక ముక్క తీసి, వెనక్కి తిప్పి చూసి, అంచు కొరికింది. ‘మొక్కజొన్నా? మేం దీన్ని గేదెలకి పెట్టాం గదరా’ అంది. రెండోది తీసుకుంది. మిరప చక్రం నమిలి, ‘ఇందులో కారమేదీ?’ అని లోపలికెళ్లి కారప్పొడి డబ్బా తెచ్చి తనవైపు ముక్కల మీద చల్లుకుంది. అన్నం అలాగే ఉండిపోయింది. పెనం ఖాళీ అవుతుంటే అడుగున అంటుకున్న చీజ్‌ని అట్లకాడతో గీకుతున్నాను. నాయనమ్మ కంచం ముందుకి జరిపింది.

‘ఒరేయ్, మీ తాత పేరువి ఇంకా ఉన్నాయా?’

రెండో వాయి వేయించడానికి లేచాను.